చివరి ఇరవై నిమిషాలు

"చివరికేమవుతుందో నేను చెప్తాలే, నువ్వెళ్ళి టీ పెట్టు."

పెళ్ళయిన మూడో నెలలో మా ఆయన నాతో ఈ మాట మొదటిసారి అన్నారు. ఫరీదాబాద్‌లో అప్పుడు మాది ఒక గదీ వంటిల్లూ ఉన్న చిన్న వాటా. ఆయన ఫ్యాక్టరీ నుంచి ఇద్దరు స్నేహితులొచ్చి మంచం మీద కూర్చున్నారు. టీవీలో హిందీలోకి డబ్ చేసిన ఇంగ్లీషు సినిమా వస్తోంది. పెట్రెల్ అని ఒక ఓడ. తుఫానులో చిక్కుకున్నవాళ్ళని కాపాడటం దాని పని. దానికి కెప్టెన్ ఒక ఆడమనిషి, పేరు ఇడా. ఆ సినిమాని గుంటూరులో నర్సింగ్ చదివేటప్పుడు హాస్టల్లో ముప్పాతిక వరకూ చూశాను. చివరికొచ్చేసరికి వార్డెనమ్మ వచ్చి టీవీ కట్టేసింది. ఇప్పుడైనా మిగతాది చూద్దామని గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను. ఇడా కోసం ఆమెని ప్రేమించిన డాక్టరు చిన్న పడవ తెచ్చాడు, రమ్మని చెయ్యి చాచాడు, ఆవిడ ఓడ చక్రం మీద చెయ్యి వేసి అతన్నే చూస్తోంది. సరిగ్గా అప్పుడన్నారు మా ఆయన ఆ మాట. వెళ్ళి టీ పెట్టాను. టీ తెచ్చేసరికి వార్తలొస్తున్నాయి.

"ఓడ వదిలేసి డాక్టరుతో వెళ్ళిపోయింది," అన్నారు కప్పు అందుకుంటూ. "పెళ్ళి చేసుకుంటారు." మా ఆయన మాట తప్పే మనిషి కాదు. చెప్తానన్నారు, చెప్పారు.

ఆ ఓడ సినిమాలు ఇరవై ఏళ్ళ పాటు వస్తూనే ఉన్నాయి, మొత్తం ఏడు. ఎవరైనా అడిగితే ఏడూ చూశానంటాను. నిజానికి ఏడింటిలో ఒక్కదాని ముగింపు కూడా నేను కళ్ళతో చూడలేదు. చెప్తే నమ్మరు గానీ నిజం. రెండోది వచ్చినప్పుడు మా అమ్మాయి స్తుతికి ఐదు నెలలు, అది నా ఒళ్ళో ఉంటే తప్ప పడుకోదు, పడుకున్నాక టీవీ మోగకూడదు. నాలుగోదానికైతే మా ఆయన నన్ను థియేటర్‌కే తీసుకెళ్ళారు. ఆ రోజు పొద్దున్నే లేచి రెండు పూటల వంటా ముగించి, మామయ్యగారి మందులు డబ్బాలో సర్ది, మంచి చీర కట్టుకుని బయల్దేరాను. ఇంటర్వెల్ అయిన అరగంటకి అత్తయ్య ఫోను, మామయ్యగారికి ఆయాసం వస్తోందని. "నువ్వెళ్ళు, నేనొచ్చి ఏం చేస్తాను? నాకేం తెలుస్తుంది?" అన్నారు మా ఆయన. అదీ నిజమే, ఇంట్లో నర్సుని నేనే. ఆటోలో వెళ్ళి నెబ్యులైజర్ పెట్టాను. పావుగంటలో మామయ్యగారు తేరుకుని కాఫీ అడిగారు. మా ఆయన సినిమా అయ్యాక తీరిగ్గా వచ్చి, "ఆ ఓడ మునిగిపోయింది, ఆవిడ ఏడ్చింది, అంతే," అని చెప్పి చొక్కా నా చేతికిచ్చారు.

మిగతావీ ఇలాంటివే. ఒకసారి ఆస్పత్రి నుంచి పిలుపు, ఒకసారి కుక్కరు, ఒకసారి అత్తయ్య మోకాళ్ళకి నూనె. ఎవరూ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. లేపారు, అంతే. కూర్చున్న ఆడదాన్ని లేపడం మా ఇంట్లో తప్పుల లెక్కలోకి రాదు.

ఒక్క విషయం మాత్రం నాకు ఎప్పుడూ అర్థమయ్యేది కాదు. రెండో సినిమా మొదలవగానే ఇడా ఓడ మీదే ఉంది, అదే కోటు, అదే టోపీ. "మొన్న ఓడ వదిలేసిందన్నారు కదండీ?" అని అడిగాను. "మళ్ళీ పిలిచుంటారు," అన్నారు. ఐదోదాంట్లో మునిగిపోయిన ఓడ మళ్ళీ నీళ్ళ మీద ఉంది. "కొత్తది కట్టుంటారు. డబ్బు కోసం తీసే సినిమాల్లో ఇవన్నీ ఎవడు చూస్తాడే!" అన్నారు. ఆయనకి తెలుసు కదా అనుకున్నాను. ఆయనది బీకామ్, నాది బీఎస్సీ నర్సింగ్, నాకు తెలియనిది ఆయనకేం తెలుసో ఒక్కసారైనా ఆగి నన్ను నేను అడగలేదు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

రెండేళ్ళ క్రితం స్తుతి మా టీవీలో సినిమాలు చూసే యాప్ ఒకటి పెట్టింది. అందులో ఏడూ ఉన్నాయి. డ్యూటీ లేని మధ్యాహ్నాలు మొదలుపెట్టేదాన్ని. ఒక్కో సినిమా బొమ్మ కింద ఒక ఎర్రగీత ఉంటుంది, మనం ఎంతవరకు చూశామో అంతవరకు పాకి ఆగిపోతుంది. నా ఏడు గీతలూ చివరికి కాస్త ఇవతల ఆగిపోయి ఉండేవి. నేనెక్కడ లేచానో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు గానీ ఆ యంత్రానికి గుర్తుంది. ఇంతలో ఈస్టరుకి ముందొచ్చే శ్రమకాలం వచ్చింది. మా ఆయన ఇక్కడి తెలుగు చర్చి సంఘానికి కార్యదర్శి. నలభై రోజులూ ఇంట్లో లోకసంబంధమైనవి వద్దని యాప్ తీసేశారు. ఈస్టరు అయ్యాక క్రికెట్ వచ్చే యాప్ తిరిగొచ్చింది. ఇది రాలేదు. అడిగితే, "ఆ పాత సినిమాలేగా, వాటి చివరలన్నీ నీకు చెప్పాగా," అన్నారు.

పోనీలే అనుకునేదాన్నే, జానకమ్మగారు లేకపోతే.

జానకమ్మగారు విశాఖపట్నంలో లెక్కల టీచరుగా రిటైరై కొడుకు దగ్గరికి వచ్చి, స్నానాల గదిలో జారి తుంటి విరగ్గొట్టుకుని మా ఆస్పత్రిలో చేరారు. నేను ఆ అంతస్తుకి సీనియర్ నర్సుని. సీనియర్ అంటే, కొత్తగా వచ్చే డాక్టర్లకి ఏ మందు ఏ పేషంటుకి పడదో చెవిలో చెప్పేదాన్నీ, తర్వాత వాళ్ళే ఆ మాట పెద్ద డాక్టరు ముందు తమ మాటగా చెప్తుంటే ట్రే పట్టుకుని నిలబడేదాన్నీ. పేషంట్ల తాలూకు వాళ్ళు ఏసీ చల్లగా లేకపోయినా నన్నే పిలుస్తారు. ఇరవై మూడేళ్ళుగా నా పేరు సిస్టర్. జానకమ్మగారొక్కరే మొదటిరోజే నా బ్యాడ్జీ చదివి, "రెబ్కా, ఇలా కూర్చోమ్మా," అన్నారు.

ఆ రోజు ఆవిడకి యాంటీబయాటిక్ ఎక్కిస్తుంటే గదిలో టీవీ నడుస్తోంది. చూస్తే పెట్రెల్, మొదటి సినిమా. చిన్న పడవ, డాక్టరు, చాచిన చెయ్యి. నా చెయ్యి సెలైన్ గొట్టం మీదే ఆగిపోయింది.

"నీకూ ఇష్టమా ఇది?" అన్నారు జానకమ్మగారు.

"చదువుకునేప్పట్నించీ అండి. ఇప్పుడు ఓడ వదిలేసి అతనితో వెళ్ళిపోతుంది కదా."

ఆవిడ తల తిప్పి నన్ను చూశారు. పరీక్ష పేపర్లో తప్పు లెక్క దొరికినప్పుడు టీచర్లు చూసే చూపు అది. "ఎవరు చెప్పారు నీకు?"

"మా ఆయన."

"అలా అవదు."

"మరేమవుతుందండీ?"

"నేను చెప్పను. నువ్వే చూడు, ఇరవై నిమిషాలు ఓపిక పట్టు."

సరిగ్గా అప్పుడు పక్కగదిలోంచి బెల్లు మోగింది. వెళ్ళాను. ఏసీ రిమోట్ మంచం కింద పడిపోయిందట, వంగి తీసివ్వాలట. తీసిచ్చి వచ్చేసరికి పేర్లు పడుతున్నాయి. జానకమ్మగారు నా మొహం చూసి, ఏమనుకున్నారో, టీవీ కట్టేసి, "పోన్లే తల్లీ," అన్నారు. ఆ రోజు మెట్రోలో ఇంటికొస్తూ నాకు ఏడుపొచ్చింది. సినిమా కోసం కాదు. ఒకటి తప్పైతే మిగతా ఆరు? పాతికేళ్ళుగా నా తలలో ఉన్న ముగింపులన్నీ ఆయన చెప్పినవే. వాటిలో ఎన్ని నిజం? ఫోనులో వెతికితే ఒక్క నిమిషంలో తెలుస్తుందని నాకూ తెలుసు. అది మాత్రం మళ్ళీ ఎవరో చెప్పింది వినడం కాదా? నాకు చూడాలని ఉంది. కూర్చుని, మొదటి నుంచి, నా కళ్ళతో.

ఏడు సినిమాల డిస్కులూ కొనుక్కుంటానని స్తుతితో చెప్పాను. అది కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ, "మమ్మీ, ఆజ్‌కల్ డిస్క్ కౌన్ ఖరీద్‌తా హై? ఎవరూ కొనట్లేదు, మళ్ళీ యాప్ పెట్టిస్తా," అంది. యాప్ వద్దన్నాను. ఎవరో పెట్టాలి, ఎవరో తీసేస్తారు. నా బీరువాలో నా చీరల కింద ఉండేది కావాలి. అది ఫోను తీసి వెతికింది. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒకాయన డిస్కుల దుకాణం ఎత్తేస్తున్నాడు. ఏడు సినిమాలూ ఉన్న పెట్టె ఒక్కటే మిగిలింది, శనివారం లోపల రావాలి.

శనివారం సాయంత్రాలు మా ఇంట్లో గృహ కూడిక, చర్చివాళ్ళంతా చేరి ప్రార్థన చేసుకుంటారు. ఇరవైమందికి తక్కువ రారు. పులిహోర, రవ్వకేసరి, రెండుసార్లు టీ. పదకొండేళ్ళుగా ఒక్క శనివారం కూడా నేను ఇల్లు కదల్లేదు. శుక్రవారమే అత్తయ్యతో చెప్పాను, రేపు నాకు పనుంది, కూడిక మొదలయ్యాక వస్తానని. "ఏం పని?" అన్నారావిడ. "నా పని," అన్నాను. అంత మాట అన్నదాన్ని, తెల్లారి లేచి ఏం చేశానంటే, ఇరవైమందికి పులిహోర కలిపి, కేసరి చేసి, గిన్నెల మీద మూతలు పెట్టి మరీ వెళ్ళాను. పౌరుషం నోటి దాకా వచ్చింది గానీ చేతుల దాకా ఇంకా రాలేదు.

దుకాణం ఒక కోచింగ్ సెంటరు మీద, మొదటి అంతస్తులో ఉంది. మెట్ల పొడవునా కలెక్టర్లయినవాళ్ళ ఫొటోలు. యజమాని పేరు రఘువీర్, అరవై దాటి ఉంటాయి. పరీక్షలకి చదివే పిల్లలకి సినిమాలు అద్దెకిచ్చేవాడట. ఇప్పుడు అన్నీ ఖాళీ అరలు, ఆ గది రీడింగ్ రూమ్ కాబోతోంది. పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. నల్లటి తోలులాంటి అట్ట, వీపు మీద బంగారు గీతలు, చేత్తో ఎత్తితే బరువుగా ఉంది.

"కొడుక్కా, దీదీ?" అన్నాడు హిందీలో. కాదన్నాను. "మరి మీ ఆయనకా?"

"నాకు."

అతను నవ్వాడు. ఎగతాళి కాదు, ఆశ్చర్యం. ఇలాంటివి కొనేవాళ్ళంతా మగవాళ్ళేనట. ఏడింటిలో ఏది గొప్పదని పరీక్షగా అడిగాడు. మొదట్లు కావాలంటే ఏడూ చెప్తానన్నాను. మూడోదాంట్లో మంచులోంచి ఓడ ముక్కు రావడం, ఆరోదాంట్లో ఇడా తల్లి ఉత్తరం, ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోయాను. అతనికి ఉత్సాహం పెరిగి బల్ల మీద మోచేతులానించాడు. "అయితే ఏడోదాని క్లైమాక్సులో..." అని మొదలుపెట్టాడు. నా చెయ్యి దానంతటదే లేచింది, సూది గుచ్చబోయే ముందు పేషంటుని కదలొద్దన్నప్పుడు లేచినట్టు.

"భయ్యా, చెప్పొద్దు. ఒక్క ముక్క కూడా చెప్పొద్దు."

అతను నోరు మూసుకున్నాడు. డబ్బు తీసుకుని, అరల వెనకనుంచి పాత డిస్క్ ప్లేయరొకటి తెచ్చి తుడిచి, ఇది పనిచేస్తుంది, తీసుకెళ్ళమన్నాడు. పెట్టెని ప్లేయరు మీద పెట్టి రెండిటికీ కలిపి పాత వార్తాపత్రికలు చుట్టి తాడు కట్టాడు. మెట్రో ఆడవాళ్ళ బోగీలో ఆ మూట ఒళ్ళో పెట్టుకుని ఫరీదాబాద్ దాకా కూర్చున్నాను. సీటు ఖాళీ చేస్తారా అని ఒకామె అడిగింది. క్షమించమ్మా, చెయ్యను, అన్నాను. ఆమెకంటే నేనే ఎక్కువ ఆశ్చర్యపోయాను.

మూడో అంతస్తు ఎక్కేసరికి గుమ్మం ముందు చెప్పుల కుప్ప. లోపల పాట అయిపోతోంది. నన్ను చూడగానే అత్తయ్య, "వచ్చావా? టీ నీళ్ళు పడెయ్యి," అన్నారు. నేను మూటని హాలు మధ్య చిన్నబల్ల మీద పెట్టాను, చేతులు లాగేస్తున్నాయి. మెట్రోలో రాపిడికి పైన ఒక మూల కాగితం చిరిగి, నల్లటి అట్ట, బంగారు గీత కనిపిస్తున్నాయి.

మా ఆయన ఆ గీత చూశారు. ఒక్కసారిగా ఆయన మొహం వెలిగిపోయింది. నాకప్పుడు తట్టింది. ఏడాదిగా ఆయన కూడికలో అందరికీ చెప్తున్నారు, ఎనిమిది సంపుటాల బైబిలు వాక్య వ్యాఖ్యానం కొనాలని, నల్లటి బైండు, బంగారు అక్షరాలు. వచ్చే మంగళవారం మా పెళ్ళిరోజు, పాతికేళ్ళు.

"అయ్యగారూ," అన్నారు పాస్టరుగారితో, "చూశారా మా ఆవిడ పని! నాకు మాట మాత్రం చెప్పకుండా వ్యాఖ్యానాల సెట్టు మోసుకొచ్చేసింది."

"దేవునికి స్తోత్రం!" అన్నారంతా. పాస్టరు యేసుదానం గారు లేచి నిలబడ్డారు. మాలో ఒక అలవాటుంది. ఇంట్లోకి కొత్త వస్తువు ఏదొచ్చినా, ఫ్రిజ్జు కానీ స్కూటరు కానీ, అయ్యగారు దాని మీద చెయ్యి వేసి ప్రార్థన చేశాకే వాడతాం. మా మిక్సీకి కూడా చేశారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను చెప్పాలనుకున్నాను, నోరు తెరిచేలోపే ప్రార్థన మొదలైంది. ప్రార్థన మధ్యలో మాట్లాడటం మాకు లేదు. కొంగు తల మీద వేసుకుని నేనూ కళ్ళు మూసుకున్నాను.

"పరిశుద్ధుడవైన తండ్రీ," అన్నారు యేసుదానం గారు, చెయ్యి నా మూట మీద వేసి, "నీ కుమార్తె రెబ్కా ప్రేమతో తెచ్చిన ఈ సెట్టును దీవించు. ఈ ఇంట్లో దీన్ని తెరిచిన ప్రతిసారీ నీ సన్నిధి తోడుగా ఉంచు. మధ్యలో ఏ ఆటంకమూ, ఏ పిలుపూ రాకుండా, మొదటినుంచి చివరివరకు పూర్తిచేసే కృప దయచెయ్యి. దీనిలో ఉన్న సత్యాన్ని వారి కళ్ళకు తేటగా చూపించు తండ్రీ."

"ఆమేన్," అన్నారంతా. అందరికంటే గట్టిగా అన్నది నేనే.

కళ్ళు తెరిచేసరికి మా ఆయన తాడు విప్పబోతున్నారు. అత్తయ్య, "కోడలా, ఒక సాక్ష్యం చెప్పు. నీకీ ఆలోచన ఎలా వచ్చిందో," అన్నారు. ఇరవై మొహాలు నా వైపు తిరిగాయి, ప్రేమగా. పాతికేళ్ళలో వాళ్ళు నన్నంత ప్రేమగా చూడటం ఎప్పుడో తప్ప లేదు. ఒక్క క్షణం, నిజం చెప్తున్నాను, అనిపించింది. మాట్లాడకుండా మూట లోపలికి తీసుకుపోతే? రేపు ఎక్కడో ఆ వ్యాఖ్యానాలు కొనుక్కొచ్చి పెట్టేస్తే? మంచి భార్య, భక్తిగల కోడలు, నా పెట్టె నా చీరల కింద. ఎవరికీ తెలియదు. అప్పుడు ఆ సినిమాలు ఎవరూ లేనప్పుడు చూసుకోవాలి, దొంగతనంగా, మళ్ళీ ఎవరైనా వస్తే లేచి.

"అవి వ్యాఖ్యానాలు కావు," అన్నాను. "సినిమాలు."

మా ఆయన చెయ్యి తాడు మీదే ఆగింది. యేసుదానం గారు ఒకడుగు వెనక్కి వేశారు. "జోకులేస్తోంది," అన్నారు మా ఆయన, నవ్వడానికి చూస్తూ.

"సాక్ష్యం చెప్పమన్నారు కదత్తయ్యా, చెప్తున్నా," అన్నాను. "ఇవి ఏడు సినిమాలు. ఏడింటికీ చివర ఉంది. నేనొక్కటీ చూడలేదు. చూడబోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు లేపారు. టీకి లేపారు, కాఫీకి లేపారు, రిమోట్ తియ్యడానికి లేపారు. నేనూ లేచాను, తప్పు నాది కూడా. మా ఆయన చివరికేమవుతుందో చెప్పేవారు, అదే నిజమనుకున్నాను. ఇవాళ నా జీతంతో, నా కాళ్ళతో వెళ్ళి కొనుక్కొచ్చుకున్నాను. ఆయన కోసం కాదు. నా కోసం. ఇదే నా సాక్ష్యం."

కిటికీ పక్కన కూర్చున్న ఒకావిడ, మా ఆస్పత్రిలోనే ఆపరేషన్ థియేటర్లో పనిచేసే నర్సు, చున్నీ నోటికడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగుతున్నాయి. నవ్వో ఏడుపో తెలియలేదు.

"ఇంటి పరువు తీశావు కదే," అన్నారు మా ఆయన, పళ్ళ మధ్యనుంచి. అత్తయ్య కంగారుగా పాస్టరు గారి వైపు తిరిగారు. "అయ్యగారూ, తెలీక చేశారు గదా, ఆ ప్రార్థన వెనక్కి తీసేసుకోండి."

యేసుదానం గారు చాలాసేపు ఆలోచించారు. మంచి మనిషి, అబద్ధమాడరు. "వెనక్కి తీసుకునే ప్రార్థన ఉండదమ్మా," అన్నారు చివరికి. "నాకైతే తెలీదు."

"అయితే దీవించినట్టే కదయ్యగారూ," అన్నాను. "ఏ ఆటంకమూ, ఏ పిలుపూ రాకుండా అని మీరే అడిగారు. అందరూ ఆమేనన్నారు." నేను కింద చాప మీద కూర్చున్నాను, ఆడవాళ్ళ మధ్య. పదకొండేళ్ళలో మా ఇంటి కూడికలో నేను కూర్చోవడం అదే మొదలు. కాసేపటికి ఆ థియేటర్ నర్సే లేచి, ఇంకో ఇద్దర్ని లేపుకుని టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. టీపొడి ఎక్కడుందని అక్కడినుంచి అడిగితే, మా ఆయనకి తెలియలేదు.

మర్నాడు ఆదివారం. ఆరాధన నుంచి వచ్చి, అన్నాలు తిని, మూడింటికి స్తుతి చేత ప్లేయరు టీవీకి తగిలించుకుని సోఫాలో కూర్చున్నాను. మా ఆయన రాత్రి నుంచి నాతో మాట్లాడటం లేదు. పేపరు అడ్డం పెట్టుకుని భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు. మొదటి డిస్కు పెట్టాను.

అరగంటకి ఆస్పత్రి నుంచి ఫోను. సాయంత్రం డ్యూటీకి ఒక నర్సు రాలేదట, సిస్టర్, మీరు రాగలరా? రాలేనన్నాను. "ఇంట్లో ఏదైనా పనా?" అన్నాడు డ్యూటీలు వేసే కుర్రాడు. "సినిమా చూస్తున్నాను," అని ఫోను కట్టేశాను. ఇంకాసేపటికి అత్తయ్య తన గదిలోంచి, "రెబ్కా, మంచినీళ్ళు," అన్నారు. నేను కదల్లేదు. నా మోకాళ్ళు వాటంతటవి కదలబోయాయి, రెండు చేతులతో నొక్కిపట్టాను. మళ్ళీ పిలిచారు. పేపరు చప్పుడైంది, కుర్చీ చప్పుడైంది. మా ఆయన లేచి వాళ్ళమ్మకి నీళ్ళు తీసుకెళ్ళారు. ఆవిడ గ్లాసుతో సహా హాల్లోకొచ్చి సోఫా చివర కూర్చున్నారు, నన్నేమైనా అందామనే. అనకుండా టీవీ చూశారు.

"అంత ఓడలో ఆ పిల్ల ఒక్కతేనా?"

"ముప్ఫైమంది ఉన్నారత్తయ్యా. ఈమె పెద్ద."

"మరి వాళ్ళందరికీ వంటెవరు చేస్తారు?"

"అదుగో, ఆ గడ్డపాయన."

అత్తయ్య ఆ గడ్డపాయన్ని శ్రద్ధగా చూశారు. ఇంక నన్నేమీ అడగలేదు.

చివరి ఇరవై నిమిషాలు వచ్చాయి. చిన్న పడవ, డాక్టరు, చాచిన చెయ్యి. నాకు గుండె దడదడలాడుతోంది, నలభై ఏడేళ్ళ మనిషిని. ఇడా అతన్నే చూసింది, చాలాసేపు. అతను మంచివాడే. తర్వాత తల అడ్డంగా ఊపింది. చక్రం తిప్పింది. పడవ చిన్నదైపోయింది, ఓడ మళ్ళీ ఆ నల్లటి నీళ్ళలోకే వెళ్ళింది, ఎక్కడో ఒక దీపం సాయం కోసం వెలిగి ఆరుతుంటే దాని వైపు. అంతే. పేర్లు పడ్డాయి. నా బుగ్గలు తడిసిపోయాయి.

"అయిపోయిందా?" వంటింటి గుమ్మంలో మా ఆయన. రాత్రి తర్వాత నాతో అదే మొదటిమాట. "చెప్పాగా, డాక్టరుతో వెళ్ళిపోద్దని."

"ఏవండీ," అన్నాను, "మీరిది చివరిదాకా చూశారా, ఎప్పుడైనా?"

ఆయన అబద్ధం చెప్దామనుకున్నారు. అత్తయ్య తన వంకే చూస్తుంటే చెప్పలేకపోయారు.

"చూసినట్టే గుర్తు," అన్నారు. "ఆ స్నేహితులతో మాటల్లో పడి... అయినా చూసేదేముంది? ఆడమనిషి ఎక్కడికి పోద్ది? చివరికి ఇంటికేగా."

ఆయన నన్ను మోసం చెయ్యాలనుకోలేదు. అదే నన్ను ఎక్కువ మండించింది. చూడకుండానే తెలుసనుకున్నారు. ఏడు సినిమాలకీ ముగింపులు అలాగే చెప్పారు, ఎలాగోలా ఆవిడకి ఓడ లేకుండా చేసి. నాకు కూడా ఒకటి రాసే ఉంచి ఉంటారు.

మొదటి డిస్కు తీసి పెట్టెలో దాని గూట్లో పెట్టాను. రెండోది తీశాను.

"ఇంకోటా?" అన్నారాయన. మళ్ళీ తనే, "దీంట్లో ఏమవుతుంది మరి?"

"నేను చెప్పను. కావాలంటే వచ్చి కూర్చోండి."

కూర్చున్నారో లేదో నేను తిరిగి చూడలేదు. రెండో సినిమా మొదలైంది. ఇడా ఓడ మీదే ఉంది, అదే కోటు, అదే టోపీ. ఆమెని మళ్ళీ ఎవరూ పిలవలేదు. ఆమె అసలు దిగనేలేదు.